పుదుచ్చేరి పలహారంలో ఢిల్లీ వాటా

పుదుచ్చేరి పేరు చెవిని బడగానే రాజధానిలోని రాజకీయ వర్గాలకు స్ఫురించే పార్టీ వేరు. ఆ పట్టణంలోని సామాన్య గృహస్థుకు స్ఫురించే పార్టీ వేరు. మొదటిది శాసనసభ్యులను లెక్కపెట్టుకునే పార్టీ. రెండవది అతిథులను లెక్కపెట్టుకునే పార్టీ. ఎన్నికైన సభ్యులు 30 మంది, నియమిత సభ్యులు 3గురు గల సభలో 17 మంది దొరికితే మొదటి పార్టీకి గండం గడుస్తుంది. రెండవదానికి అటువంటి వెసులుబాటు లేదు. 40 మంది వచ్చినప్పుడు 40 పళ్లేలూ నిండితే గాని పరువు దక్కదు. మొదటి పార్టీ వ్యవహారాలకు ఢిల్లీ వార్తలలో ఎప్పుడూ చోటు దొరుకుతూనే ఉన్నది. రెండవ పార్టీ మాట ఎవరూ ఎత్తరు. కాని ఆ పళ్లెంలో ఏమి ఉండవలెనో, ఎంత ఉండవలెనో నిర్ణయించడంలో ఢిల్లీ పాత్ర, మంత్రివర్గాలను నిలపడంలోను, కూల్చడంలోను దానికి గల పాత్రకు ఏ మాత్రం తీసిపోదు.

విషయం చిన్నదని పాఠకులు తోసిపుచ్చరాదు. బిడ్డ మొదటి పుట్టినరోజు, ఆడపిల్ల పెద్దమనిషి అయిన వేడుక, నిశ్చితార్థం, గృహప్రవేశం - ఇవేవీ పేదవాని ఇంట ఆగేవి కావు. పూర్తి భోజనం పెట్టే తాహతు లేనివాడు పలహారంతో సరిపెట్టుకుంటాడు. ఆ పలహారానికి కూడ చేయి చాలనప్పుడు అప్పు చేస్తాడు గాని, వచ్చిన బంధువును ఉత్త చేతులతో పంపడు. పుదుచ్చేరిలో 1898లో నెలకొన్న ఆంగ్లో ఫ్రెంచి నేత మిల్లు 2020 ఏప్రిల్ 30న మూతబడింది. నెల జీతం మీద, బోనసు మీద ఆధారపడి వేడుకలు జరుపుకున్న కుటుంబాలు అటువంటి మిల్లుల చుట్టూ ఎన్నో వెలిశాయి. జీతం పోయినా చుట్టరికం పోదు కదా! బడ్జెట్ అనే మాట పార్లమెంటులో కంటె అటువంటి ఇండ్లలోనే ఎక్కువ నిజాయితీగా వాడుకలో ఉన్నది. అక్కడ లోటు బడ్జెట్‌కు ఎవరూ చప్పట్లు కొట్టరు.

రెండు పుదుచ్చేరులు

పట్టణాన్ని ఒక కాలువ రెండుగా చీల్చిందని అక్కడికి వెళ్లినవారికి తెలుసు. సముద్రం వైపు ఫ్రెంచివారు కట్టుకున్న తెల్ల పట్టణం. ఇవతల దేశీయులు నివసించిన పట్టణం. సెలవు రోజులలో బయటి ఊళ్ల నుంచి వచ్చే సందర్శకుడు అవతలి వీధులలో ఫ్రెంచి పేర్లు గల రొట్టెలు తిని, ఫొటోలు తీయించుకొని వెళతాడు. ఇవతలివారు నెహ్రూ వీధి ప్రక్కనున్న గుబేర్ మార్కెట్‌లో, ఆదివారం నాడు గాంధీ రోడ్డున వెలిసే సంతలో బేరమాడి సరుకు తెచ్చుకుంటారు. 1963లో ఈ ప్రాంతానికి తొలి ముఖ్యమంత్రి అయిన ఎడ్వర్డ్ గుబేర్ పేరే ఆ పెద్ద మార్కెట్‌కూ, సముద్రపు రోడ్డుకూ పెట్టారు. ఒకే పేరు మీద ఒకచోట విహారం, ఇంకొకచోట బేరసారం సాగుతున్నవి.

తెలుగువారికి ఈ పట్టణం పరాయిది కాదు. డూప్లే వద్ద దుబాసీగా ఉండి దినచర్య వ్రాసిన ఆనందరంగ పిళ్లై పేరు మీదనే కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథానికి 'ఆనందరంగరాట్ఛందము' అని నామకరణం చేశాడు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం నేటికీ ఈ కేంద్రపాలిత ప్రాంతంలోని భాగమే. కాబట్టి పుదుచ్చేరి సచివాలయంలో చేసిన నిర్ణయం 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, ఒక తెలుగు ఇల్లాలి పొయ్యి దగ్గర తేలుతుంది.

అతిథులపై ఆంక్షలు

ప్రభుత్వం అతిథి పళ్లెంలో చేయి పెట్టడం కొత్త సంగతి కాదు. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం సాయంత్రం భోజనం మానవలసిందిగా ప్రజలను కోరారు. ఆ దశకంలోను, తరువాతి దశకంలోను ధాన్యపు కొరత కారణంగా అనేక రాష్ట్రాలు అతిథి నియంత్రణ ఉత్తర్వులు జారీ చేశాయి. పెండ్లిలో ఇంతమందికి మించి అన్నం పెట్టరాదని కట్టడి చేశాయి. పెద్దల ఇండ్లలో ఆ ఉత్తర్వులు ఎంతవరకు అమలు జరిగినవో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ ఉత్తర్వులు లేవు. అతిథులు ఎంతమందినైనా పిలువవచ్చు. కాని వారికి పెట్టే పదార్థం విడిగా కొన్నదా, ప్యాకెట్‌లో కొన్నదా, అందులో క్రీము ఉన్నదా, లేదా అనే ప్రశ్నలకు జవాబును బట్టి ఖర్చు మారుతున్నది. సంఖ్యపై ఆంక్ష పోయి, స్వరూపంపై పన్ను వచ్చిందన్నమాట.

2017 జులై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చిన నాటి నుంచి పలహారాల వర్గీకరణ ఒక ప్రత్యేక శాస్త్రంగా పరిణమించింది. 2022 జులై 18న తినుబండారాల పన్నులో పెద్ద మార్పు జరిగింది. అంతకు ముందు బ్రాండు గల సరుకుకు మాత్రమే వర్తించిన 5 శాతం పన్నును, ముందుగా ప్యాక్ చేసి లేబుల్ అంటించిన సరుకంతటికీ వర్తింపజేశారు. బియ్యం, పిండి మాత్రమే కాదు. పెరుగు, మజ్జిగ, బెల్లం, అటుకులు, చివరికి మరమరాలు కూడ ఆ జాబితాలో చేరాయి. బస్తాలో నుంచి కొలిచి పోసిన మరమరాలకు పన్ను లేదు. అవే మరమరాలు సంచిలో కెక్కి పేరు తగిలించుకుంటే 5 శాతం. తూకంలో గాలి తప్ప మరేమీ లేని ఆ పదార్థం నుంచి కూడ రాబడి పిండుకోవచ్చునని కనిపెట్టిన మేధావులను అభినందించక తప్పదు.

2024 సెప్టెంబరులో కోయంబత్తూరులో జరిగిన ఒక సమావేశంలో అన్నపూర్ణ హోటళ్ల యజమాని శ్రీ శ్రీనివాసన్, బన్నుకు పన్ను లేదు గాని దానిలో క్రీము పెడితే 18 శాతం పడుతున్నదని ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ ఎదుటనే ప్రస్తావించారు. సభలో నవ్వులు వినిపించాయి. తరువాత ఆయన మంత్రికి క్షమాపణ చెప్పిన దృశ్యం బయటికి రావడంతో అది రాజకీయ వివాదమైంది. అదే ఏడాది డిసెంబరులో జైసల్మేరులో సమావేశమైన కౌన్సిల్ మొక్కజొన్న పేలాలకు మూడు రేట్లు వర్తిస్తాయని వివరించింది: ఉప్పు, కారం కలిపి విడిగా అమ్మితే 5 శాతం, ప్యాకెట్‌లో అమ్మితే 12 శాతం, పంచదార పాకం పట్టిస్తే 18 శాతం. ఒకే గింజకు మూడు జన్మలు!

ఈ గందరగోళాన్ని కొంతవరకు సరిదిద్దిన ఘనత 2025 సెప్టెంబరు 3న జరిగిన 56వ కౌన్సిల్ సమావేశానికి దక్కుతుంది. ఆ నెల 22 నుంచి ప్యాకెట్ మిక్చర్, కారబ్బూందీ వంటి వానిపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిస్కట్లు, కేకులు, పఫ్‌ల వంటివి 18 నుంచి 5కు దిగినవి. వెన్న, నెయ్యి 12 నుంచి 5కు వచ్చినవి. పరోటాకు 18 శాతం పన్ను పూర్తిగా పోయింది. మామూలు రొట్టెకు అంతకు ముందు నుంచే పన్ను లేదు. సోడా గ్యాసు పానీయాలకు మాత్రం అంతకు ముందు 28 శాతం పన్ను, 12 శాతం సెస్సు కలిసి 40. తరువాత ఒకే పేరు మీద 40.

సామాన్యునికి ఇందువలన మిగిలినదెంత? పన్ను లేకుండ 100 రూపాయల విలువ గల మిక్చర్ మునుపు 112కు వచ్చేది. కొత్త రేటు ప్రకారం 105. అంటే కొనుగోలుదారుకు నూటికి 6 రూపాయల పావలా మిగులు. బిస్కట్లలో 118 నుంచి 105కు దిగడం వలన నూటికి 11 రూపాయల మిగులు. ఇది కాగితం మీది లెక్క. 5 రూపాయలు, 10 రూపాయల చిన్న ప్యాకెట్లలో కంపెనీలు ధరను కదపక, లోపలి సరుకును కొన్ని గ్రాములు పెంచే మార్గం అవలంబించాయి. గ్రాములు పెరగడం మంచిదే. కాని పదిమందికి పది ప్యాకెట్లు కొనవలసిన ఇల్లాలి చేతిలో నుంచి పోయే డబ్బు మాత్రం తగ్గలేదు.

మూకుడులో విదేశాంగ నీతి

పలహారం అనగానే నూనె ముందు గుర్తుకు వస్తుంది. మన దేశం వాడే వంట నూనెలో సగానికి పైగా విదేశీయమే. ఏటా సుమారు 1.6 కోట్ల టన్నులు దిగుమతి అవుతున్నవి. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి. పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్ వైపు నుంచి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం ఆరంభమైనప్పుడు, ఆ ఏప్రిల్‌లో ఇండోనేషియా కొన్ని వారాలపాటు పామాయిల్ ఎగుమతులను నిలిపివేసినప్పుడు, పుదుచ్చేరి వీధిలో బజ్జీ సన్నబడింది. జకార్తాలో చేసిన సంతకానికి, ముదలియార్‌పేట మూకుడుకు గల సంబంధం ఇది.

2024 సెప్టెంబరు 14 నుంచి కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై దిగుమతి సుంకాన్ని పెంచింది. ఇతర పన్నులతో కలిపి, 100 రూపాయల విలువ గల ముడి నూనెపై 5 రూపాయల 50 పైసలుగా ఉన్న భారం 27 రూపాయల 50 పైసలయింది. అది దసరా, దీపావళి సమీపిస్తున్న సమయం. వంటింట్లో విమర్శ రేగింది. 2025 మే 30న ఆ భారాన్ని 16 రూపాయల 50 పైసలకు తగ్గించారు.

ఇక్కడ తెలుగు పాఠకుడు ఒక్క క్షణం ఆగవలె. సుంకం పెంపును కోరినవారిలో మన రైతులు కూడ ఉన్నారు. దేశంలో ఆయిల్ పామ్ గెలల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది ప్రథమ స్థానం, తెలంగాణది ద్వితీయ స్థానం. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్ పామ్ పథకాన్ని ప్రకటించి, తోటలు వేయవలసిందిగా రైతును ప్రోత్సహించింది. నాలుగేండ్లు పెంచితే గాని కాపు రాని పంట అది. దిగుమతి నూనె చౌకగా వచ్చి పడితే ఏలూరు వైపు రైతు నష్టపోతాడు. సుంకం పెంచితే యానాం ఇల్లాలు నష్టపోతుంది. ఇద్దరి మధ్య దూరం ఒక పూట ప్రయాణం. ఇద్దరి ప్రయోజనాలను ఏకకాలంలో కాపాడే లెక్క మాత్రం ఢిల్లీలో ఎవరూ కట్టలేదు. పండుగకు ముందు పెంచడం, విమర్శ వచ్చిన తరువాత తగ్గించడం - దీనిని విధానమని పిలువడం కష్టం.

2025 ఫిబ్రవరి 23న తమ ఆకాశవాణి ప్రసంగంలో ప్రధాని శ్రీ నరేంద్ర మోదీ నూనె వాడకాన్ని 10 శాతం తగ్గించుకోవలసిందిగా హితవు చెప్పారు. ఆ జులైలో ఆరోగ్య మంత్రిత్వ శాఖ కార్యాలయాలలో నూనె, పంచదార మోతాదులను తెలిపే బోర్డులు పెట్టవలెనని సూచించగా, సమోసాకు, జిలేబీకి సిగరెట్ పెట్టెమీద వలె హెచ్చరిక వస్తున్నదని పుకారు పుట్టింది. వీధి తినుబండారాలపై హెచ్చరిక లేబుళ్లేవీ లేవని ప్రభుత్వం వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. హితవు మంచిదే. కాని పేద ఇంట నూనెను 10 శాతం తగ్గించే పని ప్రధాని చెప్పక ముందే ధర చేసిపెట్టింది. అక్కడి అసలు ప్రమాదం ఎక్కువ నూనె కాదు, మరల మరల కాచిన నూనె. కాగిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం మించితే అది వాడరాదని ఆహార ప్రమాణాల సంస్థ నిబంధన 2018 జులై నుంచి అమలులో ఉన్నది. దానిని కొలిచే సాధనం బజ్జీల బండి వద్ద ఉండదు, ఇంటి వద్దా ఉండదు. రంగు చూచి, వాసన చూచి పారబోసే ధైర్యం కావలె. ఆ ధైర్యం కూడ డబ్బున్నవారికే.

సముద్రపు గట్టున అమ్మే సుండల్ మాట కూడ చెప్పుకుందాం. మన గుగ్గిళ్లే అవి. ఎండు బఠాణీలు ఉడికించి, కొబ్బరి, మామిడి ముక్కలు కలిపి పొట్లంలో ఇస్తారు. నూనె అక్కరలేని ఈ స్వదేశీ వంటకంలోని బఠాణీ చాలావరకు కెనడా, రష్యాల నుంచి వచ్చినది. 2023 డిసెంబరులో పచ్చ బఠాణీ జాతికి చెందిన పసుపు పచ్చని ఎండు గింజలకు సుంకం లేని ప్రవేశం ఇచ్చారు. 2025 నవంబరు 1 నుంచి 30 శాతం సుంకం విధించారు. శనగ పండించే రైతు కోరినందున అది సమంజసమే కావచ్చు. కాని బంగాళాఖాతపు గట్టున పొట్లం కట్టేవాడు తన పొట్లంలో కెనడా ఉన్నదని ఎరుగడు. అతనికి తెలిసినది పొట్లం చిన్నదవుతున్నదని.

40 మంది లెక్క

ఇన్ని సుంకాల మధ్య, ఇన్ని పన్నుల మధ్య, సామాన్య కుటుంబం పలహారపు పళ్లేన్ని ఎట్లా నింపుతున్నది? ఆర్థిక శాస్త్ర గ్రంథాలు చదవని ఇల్లాండ్రు దీనికి కనుగొన్న మార్గం గమనార్హం. విడిగా కొనడం, ఇంట వండడం, వేయించే దాని కంటె ఉడికించే దానికి పెద్దపీట వేయడం - ఈ మూడే సూత్రాలు.

40 మంది అతిథులు వస్తున్నారనుకుందాం. 2 కిలోల శనగలు గాని బఠాణీలు గాని ముందునాటి రాత్రి నానబోస్తే, ఉడికిన తరువాత అవి రెట్టింపు మించి, నాలుగున్నర కిలోల దాకా అవుతవి. తలకు 100 గ్రాములకు తక్కువ కాదు. 1 కిలో మరమరాలు, పావు కిలో పుట్నాలు, పావు కిలో వేరుశనగ పలుకులు, ఉల్లి, నిమ్మ, కొత్తిమీర కలిపితే ప్రతి పళ్లెంలోను ఒక గుప్పెడు కాదు, రెండు గుప్పెళ్లు పడుతుంది. 1 కిలో రవ్వ, కిలోన్నర పంచదార, కొద్దిపాటి నెయ్యి, మూడింతల నీళ్లతో చేసిన కేసరి తలకు 100 గ్రాములు దాటి వస్తుంది. 2 లీటర్ల పెరుగుకు 6 లీటర్ల నీళ్లు చేర్చి, అల్లం, కరివేపాకు వేసి చిలికితే 40 గ్లాసుల మజ్జిగ. కారం, తీపి, పులుపు, దాహం - నాలుగూ తీరినవి. ఇంతటికీ పోపుకు పట్టే నూనె పావు లీటరు మించదు.

అదే తలకు మూడు బజ్జీల చొప్పున 120 బజ్జీలు వేయవలెనంటే మూకుడులో పోయవలసినది 2 లీటర్ల నూనె. అందులో సగానికి దగ్గరగా బజ్జీలే పీల్చుకుంటవి. మిగిలినది పారబోయలేరు, వాడితే మంచిది కాదు. బజ్జీ లేకపోతే చిన్నబోయే అతిథులు కొందరుంటారు. వారి కొరకు తలకు ఒకటి చాలును. ప్యాకెట్ మిక్చర్ బదులు ఇంట చేసిన మరమరాలు, సోడా బదులు మజ్జిగ అనేసరికి 5 శాతమూ లేదు, 40 శాతమూ లేదు. ఏ కౌన్సిల్ సమావేశం కొరకూ ఎదురుచూడనక్కరలేదు.

అయితే ఈ పొదుపును కీర్తించి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్లు. విడి సరుకుతో, ఇంటి వంటతో మిగిలే ప్రతి రూపాయి వెనుక ఒక స్త్రీ చాకిరి ఉన్నది. నానబోయడం, ఏరడం, తరగడం, కలియబెట్టడం, అతిథులు వెళ్లిన తరువాత గిన్నెలు తోమడం - దీనికి ఏ బడ్జెట్‌లోను పద్దు లేదు. కూలికి వెళ్లే స్త్రీ అయితే ఆనాటి కూలి కూడ పోతుంది. ప్యాకెట్ కొనేది తిండిపోతుతనంతో కాదు, చాలామంది తీరిక లేక కొంటున్నారు. 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం పట్టణాలలో తలసరి నెల ఖర్చు 6,996 రూపాయలు. అందులో తిండి పాలు 39.68 శాతం. ఆ తిండి ఖర్చులోని పద్దులన్నిటిలో పెద్దది పానీయాలు, చిరుతిండ్లు, తయారైన ఆహారపు పద్దు. మొత్తం ఖర్చులో 11.09 శాతం, అనగా సుమారు 776 రూపాయలు. బియ్యం, గోధుమలపై పెట్టే ఖర్చు కంటె ఇది ఎక్కువ. ఈ దేశంలో ఎన్నికలు బియ్యం ధరపై జరిగిన రోజులు తెలుగువారికి బాగా జ్ఞాపకం. ఇక ముందు ఎన్నికలు చిరుతిండి ధరపై జరిగినా ఆశ్చర్యపడనవసరం లేదు.

సంచి నిండా సరుకా, ఖాతాలో నగదా?

పుదుచ్చేరి పాలకులు ఈ సంగతి గ్రహించినట్లే ఉన్నది. 2025 దీపావళికి రంగస్వామి ప్రభుత్వం కార్డుదారులకు ఉచితంగా ప్రకటించిన సంచిలో పంచదార, పొద్దుతిరుగుడు నూనె, శనగపప్పు, రవ్వ, మైదా ఉన్నవి. ఆకలి తీర్చే సరుకు కాదిది. అచ్చంగా పలహారపు సరుకు. అతిథి మర్యాద కూడ పౌరుని అవసరాలలో ఒకటని ప్రభుత్వం ఒప్పుకున్నట్లే.

కాని ఈ సంచి పుదుచ్చేరి వీధికి రావడానికి వెనుక పదేండ్ల వివాదమున్నది. 2015 సెప్టెంబరులో చండీగఢ్‌తో పాటు పుదుచ్చేరిలో ఆహార భద్రతా చట్టం క్రింద ధాన్యానికి బదులు నగదు జమచేసే పద్ధతిని కేంద్రం ప్రవేశపెట్టింది. ప్రాంతీయ ప్రభుత్వం తన వంతుగా ఇచ్చే ఉచిత బియ్యం కూడ నగదుగానే ఇవ్వవలెనని లెఫ్టినెంట్ గవర్నర్ శ్రీమతి కిరణ్ బేడీ 2019లో పట్టుబట్టారు. బియ్యమే ఇస్తామని ముఖ్యమంత్రి శ్రీ నారాయణస్వామి భీష్మించారు. వ్యవహారం ఢిల్లీకి చేరింది. కేంద్రం గవర్నరు పక్షమే వహించింది. ముఖ్యమంత్రి మద్రాసు హైకోర్టుకు వెళ్లగా 2020 ఫిబ్రవరిలో అక్కడ కూడ చుక్కెదురైంది. చౌక ధరల దుకాణాలు మూతబడ్డాయి. 2021 ఫిబ్రవరిలో శ్రీమతి బేడీని తొలగించి, తెలంగాణ గవర్నరుగా ఉన్న డాక్టర్ తమిళిసై సౌందరరాజన్‌కు అదనపు బాధ్యత అప్పగించారు. మూడేండ్లపాటు హైదరాబాదు రాజ్‌భవన్‌కు, పుదుచ్చేరి రాజ్ నివాస్‌కు ఒకరే అధిపతి. మూతబడిన దుకాణాల తలుపులు తిరిగి తెరుచుకొని ఉచిత బియ్యం పంపిణీ మొదలైనది 2024 అక్టోబరులో, దీపావళి ముంగిట.

ఇరుపక్షాల వాదనలోను సత్యం లేకపోలేదు. నగదు ఇస్తే మధ్యవర్తి ఉండడు, తూకంలో మోసం ఉండదు, ఇష్టమైనది కొనుక్కోవచ్చు. కాని ఖాతాలో పడిన మొత్తం స్థిరం. బజారులో ధర అస్థిరం. నూనె సుంకం ఒక్క రాత్రిలో మారిన దేశంలో నగదు విలువ పండుగనాటికి ఎంతో ఎవరు చెప్పగలరు? సరుకు ఇస్తే ధర భయం లేదు. కాని సంచిలో ఏముండవలెనో వేరెవరో నిర్ణయిస్తారు. యానాంలో పెద్దపండుగ సంక్రాంతి. అరిసెలు వండవలెనంటే కొత్త బియ్యం, బెల్లం, నువ్వులు కావలె. మైదా, రవ్వలతో అరిసె కాదు. పుదుచ్చేరి సచివాలయంలో కూర్చిన సంచికి తమిళ వంటింటి వాసన ఉండడం సహజం. దానిని గోదావరి ఒడ్డున కూడ అట్లాగే విప్పవలె ననడం సహజం కాదు.

ఓటు ఉన్నది, వాటా లేదు

ఇక్కడ రాజ్యాంగంలోని ఒక వింతను పేర్కొనవలసి ఉన్నది. వస్తు సేవల పన్ను కౌన్సిల్‌లో శాసనసభ గల కేంద్రపాలిత ప్రాంతాన్ని రాష్ట్రంగానే పరిగణిస్తారు. అక్కడ కేంద్రానికి మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి రెండు వంతుల ఓటు విలువ. రాష్ట్రాల మధ్య హెచ్చుతగ్గులు లేవు. 2011 జనాభా లెక్కల ప్రకారం 12.48 లక్షల జనం గల పుదుచ్చేరి ఓటుకు, సుమారు 20 కోట్ల జనం గల ఉత్తరప్రదేశ్ ఓటుకు విలువ సమానమే. అంటే మరమరాలపై పన్ను వేసే బల్ల వద్ద పుదుచ్చేరికి కుర్చీ ఉన్నది. కాని ఆ పన్నులను రాష్ట్రాలకు పంచే ఫైనాన్స్ కమిషన్ ఎదుట ఆ ప్రాంతం రాష్ట్రం కాదు, అందులో దానికి వాటా లేదు. కేంద్రం దయచేసే గ్రాంటు మీద, తన ఎక్సైజు రాబడి మీద, అప్పు మీద సంసారం నడపవలె. పన్ను నష్టానికి కేంద్రం ఇచ్చిన పరిహారం కూడ 2022 జూన్ 30తో ముగిసింది. వండేటప్పుడు పిలిచి, వడ్డించేటప్పుడు మరచిపోయే బంధుత్వం ఇది. పూర్తి రాష్ట్ర ప్రతిపత్తి కొరకు అక్కడి శాసనసభ పలుమార్లు తీర్మానించడంలో ఆశ్చర్యమేమున్నది?

చేయవలసిన పనులు బ్రహ్మవిద్య కావు. మరమరాలు, అటుకులు, బెల్లం వంటి పేదల పలహారపు సరుకును సంచిలో ఉన్నా, బస్తాలో ఉన్నా పన్ను నుంచి తప్పించవలెనని అడిగే హక్కు కౌన్సిల్‌లో పుదుచ్చేరి ప్రతినిధికి ఉన్నది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రతినిధులు అతనికి తోడైతే ఆ మాటకు బలం చేకూరుతుంది. నూనె సుంకాన్ని పండుగల ముంగిట ఎగరవేయక, రైతుకు గిట్టుబాటు హామీని వేరే మార్గాన కల్పించవచ్చు. సరుకా, నగదా అన్న ప్రశ్నను గవర్నరు, ముఖ్యమంత్రి తేల్చుకోవడం మాని, కార్డు గల కుటుంబానికే వదలవచ్చు. యానాం సంచిలో బెల్లం పెట్టడానికి రాజ్యాంగ సవరణ అవసరం లేదు.

అంతవరకు పేద గృహస్థు తన సభను తానే నడుపుకుంటాడు. ఆ సభలో లోటును పూడ్చేది ఢిల్లీ గ్రాంటు కాదు. ఇరుగుపొరుగు ఇండ్ల నుంచి అడగకుండనే వచ్చే నాలుగు గిన్నెలు, ఇద్దరు ముగ్గురు స్త్రీల చేతులు. వారి చాకిరిని ఉచితమని లెక్కగట్టినంత కాలం మన ప్రభుత్వాలు వేసే ధరల సూచీలన్నీ అసలు ధర కంటె తక్కువనే చూపుతవి.